శాస్త్రరచన - సుబోధత

శాస్త్రము కఠినము కావచ్చును. దానిని జెప్పు భాషయు గఠినముగా నుండవలెనను నియమము మాత్రము లేదు. ఐనను అర్థము కాని వ్రాతను జూచి పాండిత్యమని గౌరవించు నలవాటు మనలో నింకను బోలేదు. ఇందువలన నష్టపడువాడు పండితుడు గాడు. కలరా దినములలో నీరేల కాచి త్రాగవలెనో తెలిసికొనగోరు గృహిణి నష్టపడుచున్నది. కావున తెలుగున శాస్త్రరచన నడచిన త్రోవను ఇంచుక విచారింతము.

మన గోదావరీతీరముననే, రాజమహేంద్రవరమున, కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) ఈ పనికి బూనుకొనిరి. వారు తొలుత సమాసభూయిష్టమైన ప్రౌఢశైలిని వ్రాసిరి. లోకులకు బోధించుట కది పనికిరాదని గ్రహించి సులభశైలికి మరలిరి. జంతువులను గూర్చియు, శరీరమును గూర్చియు, జ్యోతిశ్శాస్త్రమును గూర్చియు వారు వ్రాసిన గ్రంథములు ఈ మార్పునకు ఫలములు.

తరువాత 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దానికి బ్రాణము. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము ఇందు వెలువడినవి. ఇవి గృహస్థులు చదువుకొనుటకై వ్రాసినవి, అదియే విశేషము. లక్ష్మణరావుగారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము మాత్రము అకారము దాటకమునుపే 1923లో వారు గతించిరి.

ఆ కాలముననే గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమును, జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికమును సమర్థించి వాదించిరి. ఆ వాదము అవసరమైనదే. ఐనను సుబోధత క్రియారూపములతో ముగియదు. “అగుచున్నది” అనుటకు మాఱుగా “అవుతోంది” అన్నంతమాత్రమున అస్పష్టమైన భావము స్పష్టము గాదు.

ఒక్క యుదాహరణము చాలును. మనము పీల్చు గాలిలో జీవమును నిలుపు వాయువును ఒకరు ప్రాణవాయువనిరి, మఱియొకరు ఆమ్లజనియనిరి, వేఱొకరు ఆక్సిజనుగానే యుంచిరి. చదువరికి మూడు వస్తువులని తోచును. మొదటి పేరు ఆయుర్వేదమున వేఱొక యర్థమున నున్నది. రెండవది పరభాషాపదమునకు అక్షరానువాదము. ఆమ్లములన్నింటికి ఈ వాయువే కారణమని ఫ్రెంచి పండితుడు లవోసియే తలచి పెట్టిన పేరు. హైడ్రోక్లోరికామ్లమున ఈ వాయువు లేదని 1810లో ఇంగ్లండున డేవీ నిరూపించెను. తప్పు తొలగినను పేరు నిలిచెను. ఆ తప్పునే మనము సంస్కృతీకరించి తెచ్చుకొంటిమి. పేరును అనువదించుట వస్తువును దెలుపుట గాదు.

మా పెనుగొండ ప్రాంతపు రైతును జూడుడు. ఆకుమడి, దమ్ము, ఊడ్పు, సార్వా, దాళ్వా - ఒక్కొక్క మాటకు ఒక్కటే యర్థము. వినువానికి సందేహము లేదు. పారిభాషికపదమునకు గావలసిన గుణ మిదియే. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట గట్టిన నాటి ఇంజనీర్లు మన దక్షిణదేశపు మాటనే “అనికట్” అని తమ గ్రంథములందు వ్రాసికొనిరి. మన పడవవారు వారి మాటను “లాకు” అని తీసికొనిరి. ఎవరికిని చిన్నతనము గలుగలేదు. వస్తువు కన్నులయెదుట నున్నది. మాట దానికి అతుకుకొనినది.

ఇతరదేశములందును ఇట్లే జరిగినది. గెలీలియో 1632లో తన ముఖ్యగ్రంథమును లాటినున గాక తన దేశభాషయగు ఇటాలియనున బ్రకటించెను. ఫారడే ఒక క్రొవ్వొత్తిని చేతబట్టుకొని బాలురకు రసాయనశాస్త్రమును బోధించెను. వారి శాస్త్రము ఇందువలన దగ్గిపోలేదు.

1968లో తెలుగు అకాడమి యేర్పడిన పిదప పారిభాషికపదములకు గొఱత తీఱినది. సుబోధతకు గొఱత తీఱలేదు. ముందు వస్తువును జూపి, పిదప పేరు చెప్పవలెను. ఒక వస్తువునకు ఒక్క పేరే గ్రంథాంతము వఱకు వాడవలెను. కారణమును ముందుంచి, కార్యమును తరువాత జెప్పవలెను. ఈ మూడును పాటింపని గ్రంథము చేతికి వచ్చినప్పుడు, మాకు దెలివి చాలలేదని చదువరులు సిగ్గుపడ నక్కఱలేదు. తెలియునట్లు చెప్పుమని గ్రంథకర్త నడుగుట వారి హక్కు.