తీగచుట్టకు తుదిమెరుగు

రేడియోలో గానం వినేవారు గాయకుని తలచుకుంటారు. ఆ నాదాన్ని ఇంటికి చేర్చే యంత్రంలోని తీగచుట్టను తలచేవారు అరుదు. దానికి తుదిమెరుగు దిద్దిన చేతుల చరిత్రను శ్రోతలకు విన్నవించడం మాకు విధిగా తోచినది.

1825లో ఆంగ్లేయుడు విలియం స్టర్జన్ లాడంవలె వంచిన ఇనుపకడ్డీకి వార్నిషు పూసి, దానిపై వట్టి రాగితీగను చుట్టి విద్యుదయస్కాంతాన్ని నిర్మించినాడు. ఏడు ఔన్సుల ఇనుము తొమ్మిది పౌన్ల బరువును ఎత్తినది. కాని తీగకు తొడుగు లేదు. చుట్టును చుట్టు తాకితే విద్యుత్తు అడ్డదారి పడుతుంది. అందుచేత చుట్లను ఎడంగా ఉంచవలసి వచ్చినది. చుట్లు పెరగక బలమూ పెరగలేదు.

అమెరికాలో ఆల్బనీ అకాడమీ అధ్యాపకుడు జోసెఫ్ హెన్రీ ఈ చిక్కును విప్పినాడు. ఇనుముకు గాక తీగకే పట్టు తొడిగి, వరుసపై వరుసగా చుట్టినాడు. 1831లో ఆయన యేల్ కళాశాలకై నిర్మించిన అయస్కాంతం 2,000 పౌన్లకు మించిన బరువును మోసినది. ఆ ఏడే ఆగస్టు 29న లండనులో మైకేల్ ఫారడే ఇనుపవలయంపై రెండు తీగచుట్టలు అమర్చి విద్యుత్ప్రేరణను కనుగొన్నాడు. వాటి చుట్లను వేరుపరచినవి పురికొస, నూలుగుడ్డ మాత్రమే. నేటి ట్రాన్స్‌ఫార్మరుకు మూలరూపం అదే.

అయితే నూలు తేమను పీల్చుతుంది. తేమ విద్యుత్తుకు దారి ఇస్తుంది. కనుక కర్మాగారాలలో చుట్టడంతో పని ముగియలేదు. చుట్టకు పట్టీ బిగించి, కొలిమిగదిలో ఆరబెట్టి, వార్నిషులో ముంచి, కారనిచ్చి, మరల వేడిలో గట్టిపరచేవారు. వార్నిషు సందులలోని గాలిని వెడలగొట్టి చుట్లను ఒక్కటిగా బంధిస్తుంది. అప్పుడు అవి అదరవు, ఒరసుకోవు.

ఈ పనిలో మన దేశపు పదార్థాలకూ పాలు ఉన్నది. లక్క అనగానే మనకు పాండవుల లక్కయిల్లు స్ఫురిస్తుంది. మండే ఆ లక్కయే విద్యుత్తును అడ్డగించే వార్నిషు అయినది. అభ్రకపు పొరలను లక్కతో అతికి యంత్రాలలో వాడినారు. అట్టి అభ్రకానికి మన గూడూరు గనులు పేరుగన్నవి. 1909లో లియో బేక్‌లండ్ బేకలైటును ప్రకటించిన పిమ్మట కృత్రిమ రెసిన్లు క్రమంగా లక్క స్థానాన్ని ఆక్రమించినవి. పదార్థం మారినది, ఆరబెట్టి, తడిపి, గట్టిపరచే క్రమం మారలేదు.

తొందరలో తేమ మిగిల్చిన చుట్ట ఆనాడే చెడదు. కొన్నాళ్లు పనిచేసి, ఏ వానాకాలపు రాత్రో కాలిపోతుంది. అప్పటికి దానిని చేసిన వ్యక్తి ఎవరో ఎవరికీ తెలియదు. చక్కగా చేసినవారి పేరూ అంతే. మన ఇంటి యంత్రం ఏళ్ల తరబడి మొరాయించకుండా పలికినదంటే, ఎవరో ఒకరు ఆ చుట్ట పూర్తిగా ఆరేవరకు ఓపిక పట్టినారన్నమాట.