హాలీ సిక్కా నాణేల సేకరణ

1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసిపోయిన హైదరాబాద్ సంస్థానపు నాణేలే హాలీ సిక్కా. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 7 హాలీ రూపాయలు 6 ఇండియా రూపాయలకు సమానంగా ఉండేవి. 1959లో వీటి చెలామణీ పూర్తిగా రద్దయింది.

సేకర్తలకు ఇష్టమైనవి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో మొదలైన చార్మినార్ నాణేలు. నాణెంపై ఉండే చార్మినార్ బొమ్మ ద్వారంలో పాలకుడి పేరులోని తొలి అక్షరం ఉంటుంది: మహబూబ్‌కు 'మీమ్', ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్‌కు 'ఐన్'. ఉస్మాన్ పాలన మొదట్లో ఐన్‌ను కుదించి వేశారు, తర్వాత పూర్తిగా చెక్కారు. సేకర్తలు ముందు భూతద్దం పెట్టేది అక్కడే. హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం రెండూ ముద్రించేవారు కాబట్టి ఉర్దూ అంకెలు నేర్చుకోక తప్పదు. వెండి రూపాయి బరువు సుమారు 11.2 గ్రాములు. తాతల పెట్టెలో దొరికిందని చింతపండుతో తోమితే తళతళ వస్తుంది, విలువ పోతుంది.

ఈ నాణేలను వెంట తీసుకెళ్లాలనుకుంటే, అమెరికాలో డాలస్ పక్కనున్న కాపెల్ వంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువారు ఒక భారతీయ చట్టం గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మహబూబ్ నాణేలన్నీ ఇప్పుడు ఆ కోవలోవే.