మా ఇంటి మందుల డబ్బాలో భీమవరం

మా అమ్మాయికి బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు: ప్రపంచ ప్రసిద్ధులైన ఆవిష్కర్తలు. టాంపినీస్ లైబ్రరీ నుంచి నాలుగు పుస్తకాలు తెచ్చుకుని ఎడిసన్, గ్రాహంబెల్, రైట్ సోదరుల బొమ్మలు అట్టమీద అంటించింది. చివర్లో, "నాన్నా, మన తెలుగువాళ్ళు ఏమీ కనిపెట్టలేదా?" అని అడిగింది. సాఫ్ట్‌వేరు ఉద్యోగానికని సింగపూర్ వచ్చి ఇన్నేళ్ళయినా, ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

అదే వారంలో ఇంట్లో మరో గొడవ బయటపడింది. మా అమ్మది భీమవరం పక్క పల్లె. కీళ్ళవాతంతో బాధపడుతూ మా దగ్గరే ఉంటోంది. డాక్టరు గారు వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, దానికి తోడుగా ఫోలిక్ యాసిడ్ మాత్ర రాసిచ్చారు. కింద వాయిడ్ డెక్‌లో కూర్చున్నప్పుడు ఎవరో "అది కేన్సరు మందు కదండీ" అన్నారట. అంతే! మాకు చెప్పకుండా మూడు వారాలు మానేసింది. వేళ్ళు వాచిపోయి, దీపం పెట్టడానికి అగ్గిపుల్ల గీయలేని స్థితి వచ్చాక గానీ మాకు తెలియలేదు.

కేన్సరుకి ఇచ్చే మోతాదు వేరనీ, కీళ్ళకి ఇచ్చేది చాలా తక్కువనీ డాక్టరు గారు ఓపికగా చెప్పారు. అమ్మ తల ఊపిందే గానీ నమ్మలేదు. ఆ రాత్రి ఆ మందు పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ కూర్చున్నాను. మర్నాడు అమ్మాయినీ, అమ్మనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పిన కథ ఇది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు వంటబట్టలేదు. కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుందామని ఇల్లు విడిచి పారిపోతే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి చదివించారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు గారికి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, రక్తం విరిగిపోయే జబ్బు అది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ భరోసాతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. ఆ నాయకర్ గారు రంగూన్‌లో సంపాదించిన ధనాన్ని దానం చేసినవారు. అంటే ఒక ప్రవాసాంధ్రుడి కష్టార్జితం మరో ప్రవాసాంధ్రుడికి దారి చూపిందన్నమాట!

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో, శరీర ద్రవాల్లో భాస్వరం కొలిచే పద్ధతిని కనిపెట్టారు. ఆ దారిలోనే కండరాల శక్తికి ఆధారమైన ఏటీపీని 1929లో వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుక్కున్నాడు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయారు.

అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి పునాది మన దేశంలోనే పడింది. 1931లో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణులైన మిల్లు కూలీల రక్తహీనత, ఈస్ట్ సారంతో తగ్గుతుందని గమనించింది. తయారైన ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగులకీ పనిచేసింది. అన్నదమ్ములకి అందని మందు లోకానికి అందింది.

తర్వాత అదే అణువుని కొద్దిగా మార్చి, దాని పనిని అడ్డుకునే మందుల్ని అదే ప్రయోగశాల తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు వచ్చిన 16 మంది పిల్లలకిచ్చి చూస్తే, పదిమందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. 1988లో అమెరికాలో కీళ్ళవాతానికి కూడా దానికి అనుమతి వచ్చింది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఊరూరా పంచిన డీఈసీ మాత్రలు కూడా ఆయన బృందం చలవే.

"అంటే మామ్మ వేసుకునే రెండు మాత్రలూ ఆయనవేనా?" అంది మా అమ్మాయి.

అవును. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండోది దాన్ని అడ్డుకునేది. ఒకదాని దుష్ఫలితాలు తగ్గించడానికి రెండోది ఇస్తారు. రెండూ ఒకే ప్రయోగశాల బిడ్డలు. ఏదీ ఒక్కడి పని కాదు, ఎందరో చేతులు కలిపారు. కానీ ఆ చేతుల్లో ఒకటి భీమవరానిది.

"మళ్ళీ ఊరు వచ్చాడా?" అని అడిగింది అమ్మ.

రాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశారు. భార్య శేషగిరి గారిని 1922 తర్వాత చూడనే లేదు. ఆ మాటకి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనూరి పిల్లాడు చేసిన మందేనట్రా? సరే, ఇలా తే" అంది.

మా అమ్మాయి అట్టమీద ఎడిసన్ పక్కన ఇప్పుడు ఒక తెలుగు ముఖం ఉంది. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ వేసింది. మనం మన పిల్లలకి చెప్పకపోతే మాత్రం ఆ బిళ్ళ ఆల్బమ్‌లోనే ఉండిపోతుంది. ఈసారి మీ ఇంట్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర కనిపిస్తే, దాని వెనకున్న కథ పిల్లల్ని పిలిచి చెప్పండి.