థైలేరియాసిస్: పరీక్షలో పాజిటివ్ వచ్చినా చికిత్స ఎప్పుడు ఆపాలి?

పిడుదుల ద్వారా పశువులకు వచ్చే జబ్బుల్లో థైలేరియాసిస్ చాలా ప్రమాదకరమైనది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు, దూడలు దీని బారిన ఎక్కువగా పడతాయి. దేశవాళీ పశువుల్లో సాధారణంగా దీని తీవ్రత తక్కువ. సకాలంలో గుర్తించి సూదిమందు వేయిస్తే చాలా పశువులు కోలుకుంటాయి.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఆవు మేత మేస్తుంది, పాలు పెరుగుతాయి, కానీ మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే ‘పాజిటివ్’ అని వస్తుంది. దాంతో రైతులు కంగారుపడి అదే మందును మూడోసారి, నాలుగోసారి వేయిస్తుంటారు. దీనివల్ల ఖర్చు పెరగడమే తప్ప పశువుకు మేలు జరగదు. మరోవైపు, జ్వరం కాస్త తగ్గగానే జబ్బు పోయిందనుకుని వదిలేస్తే పశువును పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే చికిత్స ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు ఆపకూడదో తెలుసుకోవాలి.

జబ్బు ఎలా వస్తుంది?

థైలేరియా యాన్యులేటా అనే ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. హయలోమా జాతి పిడుదులు దీన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు చేరవేస్తాయి. కొన్ని ప్రాంతాల్లో వీటిని గోమార్లు అని కూడా అంటారు. పిడుదు కుట్టినప్పుడు పశువు శరీరంలోకి చేరిన పరాన్నజీవి ముందుగా తెల్ల రక్తకణాల్లో పెరుగుతుంది. ఈ దశను షైజాంట్ దశ అంటారు. జ్వరం, లింఫ్ గ్రంథుల వాపు వంటి లక్షణాలకు ముఖ్య కారణం ఈ దశే. తర్వాత పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లోకి చేరుతుంది. దాంతో ఆ కణాలు నశించి రక్తహీనత వస్తుంది.

ముఖ్య లక్షణాలు

- 104 నుంచి 107 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు జ్వరం
- జబ్బ ముందు, తొడ ముందు ఉండే లింఫ్ గ్రంథులు గడ్డల్లా వాయడం
- మేత, నెమరు తగ్గడం, పాలు ఒక్కసారిగా పడిపోవడం
- కంటి పొరలు పాలిపోవడం, వాటిపై చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపించడం
- ఆయాసం, దగ్గు, ముదిరితే పేడలో రక్తం

చికిత్స ఎంత వరకు?

ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు బుపార్వాక్వోన్. పశువు బరువు ప్రతి కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున మెడ కండరానికి వేస్తారు. మార్కెట్లో దొరికే 5 శాతం మందు అయితే 20 కిలోల బరువుకు 1 మి.లీ. వస్తుంది. అంటే 300 కిలోల ఆవుకు 15 మి.లీ. కావాలి. ఇంత మందును ఒకేచోట వేయకుండా రెండు చోట్ల వేస్తారు. బరువును తక్కువగా అంచనా వేసి మోతాదు తగ్గిస్తే మందు సరిగా పనిచేయదు.

చాలా పశువులకు ఒక్క మోతాదు సరిపోతుంది. జ్వరం తగ్గకపోతే 48 నుంచి 72 గంటల తర్వాత పశువైద్యులు రెండో మోతాదు వేస్తారు. ఆ తర్వాత కూడా గుణం కనిపించకపోతే సొంతంగా మూడో మోతాదు వేయించకూడదు. అప్పుడు కారణం వెతకాలి.

కోలుకున్నాక కూడా పాజిటివ్ ఎందుకు వస్తుంది?

మందు వల్ల జబ్బు లక్షణాలు పోతాయి. కానీ కొద్దిపాటి పరాన్నజీవులు ఎర్ర రక్తకణాల్లో నెలల తరబడి, కొన్ని పశువుల్లో ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. ఇలాంటి పశువును వాహక పశువు అంటారు. పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. శరీరంలో మిగిలిన ఈ కొద్దిపాటి పరాన్నజీవుల వల్లే మళ్లీ జబ్బు రాకుండా కొంత రోగనిరోధక శక్తి కూడా నిలిచి ఉంటుంది.

అందుకే ఏ పరీక్ష ఏం చెబుతుందో తెలుసుకోవాలి.

రక్తపు స్లైడ్ పరీక్ష: చికిత్స తర్వాత అక్కడక్కడా ఒకటి రెండు ఎర్ర రక్తకణాల్లో పరాన్నజీవి కనిపించవచ్చు. పశువు హుషారుగా ఉంటే దీనికి భయపడాల్సిన పనిలేదు. మొదటి స్లైడ్‌తో పోల్చి సంఖ్య తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది చూడాలి.

పి.సి.ఆర్. పరీక్ష: ఇది పరాన్నజీవి జన్యుపదార్థాన్ని అతి స్వల్ప మోతాదులో ఉన్నా పట్టేస్తుంది. వాహక పశువుల్లో పాజిటివ్ రావడం సహజం.

యాంటీబాడీ పరీక్ష: శరీరం జబ్బును ఎదుర్కొన్న గుర్తును మాత్రమే ఇది చూపుతుంది. జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. అమెరికాలో పిడుదుల ద్వారా మనుషులకు వచ్చే లైమ్ వ్యాధిలో కూడా ఇంతే. చికిత్స పూర్తయ్యాక ఏళ్ల తరబడి యాంటీబాడీలు కనిపిస్తాయి. వాటిని చూసి వైద్యులు మందులు పొడిగించరు.

లింఫ్ గ్రంథి నుంచి తీసిన నమూనా: ఇందులో షైజాంట్లు కనిపిస్తే మాత్రం జబ్బు ఇంకా చురుగ్గా ఉన్నట్టే లెక్క.

చికిత్స ఆపవచ్చని ఎలా తెలుస్తుంది?

కింది మార్పులు కనిపిస్తుంటే పరీక్ష పాజిటివ్ అయినా బుపార్వాక్వోన్ మళ్లీ వేయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. చివరి నిర్ణయం పశువైద్యులదే.

1. ఉదయం, సాయంత్రం ఒకే సమయానికి చూసినప్పుడు వరుసగా మూడు రోజులు జ్వరం లేకపోవడం. పశువు సాధారణ ఉష్ణోగ్రత 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. ఎండలో నిలబడిన పశువుకు వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది.
2. మేత, నెమరు మామూలు స్థితికి రావడం.
3. వాచిన గ్రంథులు రోజురోజుకూ మెత్తబడి చిన్నవి కావడం. ఇవి పూర్తిగా తగ్గడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు.
4. కింది కనురెప్ప లాగి చూస్తే పాలిపోయిన పొర మళ్లీ గులాబీ రంగుకు తిరగడం. రక్తం కోలుకోవడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది.
5. పాల దిగుబడి మెల్లగా పెరగడం.

ఈ వివరాలను రోజూ ఒక పుస్తకంలో రాసుకుంటే పశువైద్యులు నిర్ణయం తీసుకోవడం తేలిక అవుతుంది.

ఎప్పుడు ఆపకూడదు?

- మందు వేసిన 72 గంటల తర్వాత కూడా జ్వరం తగ్గకపోవడం, తగ్గి మళ్లీ రావడం
- కంటి పొరలు ఇంకా తెల్లబడుతుండటం, పశువు తూలడం, పడిపోవడం
- ఆయాసం పెరగడం, పేడలో రక్తం పడటం
- గ్రంథుల వాపు పెరగడం

ఇలాంటప్పుడు ఆలస్యం చేయకుండా పశువైద్యులకు చూపించాలి. ఇవి ఉన్నా తప్పు థైలేరియాదే కానవసరం లేదు. మూత్రం ఎర్రగా వస్తుంటే బబీసియోసిస్, కంటి పొరలు పచ్చబడి పేడ గట్టిపడితే అనాప్లాస్మోసిస్ కూడా కలిసి ఉండవచ్చు. వాటికి మందులు వేరు. రక్తం బాగా తగ్గిన పశువుకు వేరే పశువు రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

అనవసరంగా మందు వేస్తే నష్టమేమిటి?

ఖర్చుతో పాటు మందు అవశేషాలు పాలలోకి వస్తాయి. సీసా మీద రాసిన గడువు ముగిసే వరకు పాలు అమ్మకూడదు. దీనికి మించిన ప్రమాదం మరొకటి ఉంది. ట్యునీషియా, ఇరాన్ వంటి దేశాల్లో బుపార్వాక్వోన్‌కు లొంగని థైలేరియాను శాస్త్రవేత్తలు ఇప్పటికే గుర్తించారు. మందును ఇష్టానుసారం వాడితే అవసరమైన రోజున అది పనిచేయని పరిస్థితి రావచ్చు.

చికిత్స ఆపాక ఏం చేయాలి?

సూది ఆపినా సంరక్షణ ఆపకూడదు. పశువైద్యుల సలహాతో ఐరన్, బి-కాంప్లెక్స్ మందులు, మంచి పచ్చిమేత, దాణా కొనసాగించాలి. కనీసం మూడు వారాలు జ్వరం గమనిస్తుండాలి. ఈనిన తర్వాత, దూర ప్రయాణం, వేరే జబ్బు వంటి ఒత్తిడి సమయాల్లో జబ్బు తిరగబెట్టవచ్చు.

వాహక పశువును కుట్టిన పిడుదులు పక్కనున్న దూడకు జబ్బు అంటిస్తాయి. కాబట్టి పాజిటివ్ రిపోర్టు వచ్చిన రోజున కొట్టం వైపు చూడాలి. గోడల పగుళ్లు, గాట్లు పూడ్చి సున్నం వేయాలి. పిడుదులు పగుళ్లలోనే దాక్కుని గుడ్లు పెడతాయి. డెల్టామెత్రిన్, అమిట్రాజ్ వంటి మందులను సీసా మీద సూచించిన మోతాదులో పశువులన్నింటికీ ఒకేసారి పట్టించాలి. మేత, నీళ్ల తొట్లపై మందు పడకూడదు. వాహక పశువును అమ్మేటప్పుడు కొనేవారికి ఆ విషయం చెప్పాలి. సంకరజాతి దూడలకు థైలేరియాసిస్ టీకా గురించి దగ్గరలోని పశువైద్యశాలలో అడగాలి.

అత్యవసరమైతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవలు పొందవచ్చు. పశువైద్యులు వచ్చినప్పుడు పాత రిపోర్టులు, వేసిన మందుల సీసాలు, రాసుకున్న జ్వరం వివరాలు తప్పకుండా చూపించాలి.