కమాను: వంగేదీ వంగనిదీ

పాతబస్తీకి దక్షిణాన, బార్కాస్ దాటాక, పహాడీ షరీఫ్ గుట్ట చేరువలో ఉన్న జల్‌పల్లి దాకా ఒకే మాట రెండు పనుల్లో వినిపిస్తుంది. లారీ మెకానిక్కులకు కమాను అంటే బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్ట. సంక్రాంతికి మిద్దెలెక్కే పిల్లలకు అది పతంగికి అడ్డంగా వంచి కట్టే వెదురు పుల్ల. పారసీకంలో ఈ మాటకు అసలు అర్థం విల్లు. 1591లో చార్మినార్ లేచిన తరువాత దానికి ఉత్తరాన కట్టిన చార్ కమాన్‌లో ఇదే మాట రాతి తోరణానికి పేరైంది. ఆకారం ఒకటే కనుక పేరూ ఒకటే అయింది గాని, వంగడమే బతుకైన విల్లుకూ వంగితే కూలిపోయే తోరణానికీ స్వభావంలో పోలిక లేదు.

దక్కన్ సైన్యాల చేతుల్లో ఉండిన పారసీక తరహా విల్లు ఒక్క చెక్కతో చేసినది కాదు. విల్లును లాగినప్పుడు గురివైపు ఉండే వీపు సాగుతుంది, విలుకానివైపు ఉండే పొట్ట నొక్కుకుపోతుంది. అందుకే పనివారు వీపున సాగుడును తట్టుకునే జంతువుల స్నాయువులను, పొట్టన నొక్కుడును తట్టుకునే కొమ్మును, నడుమ చెక్కను పెట్టి బంకతో అతికి, నెలల తరబడి ఆరనిచ్చేవారు. చివరలు మాత్రం వంగకుండా బిరుసుగా ఉంచేవారు. నారి విప్పితే ఆ విల్లు ఎదురు దిక్కుకు ముడుచుకుపోయేది. దాన్ని నిప్పుల సెగ చూపి మెత్తబరిచి, జాగ్రత్తగా తిప్పి నారి ఎక్కించవలసి వచ్చేది. ఇంతటి విల్లుకు శత్రువు వానాకాలం: చెమ్మకు బంక సడలితే పని చెడుతుంది. బాణాన్ని అంత వేగంగా విసరలేకపోయినా ఉక్కు విల్లు మన దేశంలో నిలిచిందంటే, అది చెమ్మకు చెడక, నారి ఎక్కించి ఆయుధశాలలో ఉంచినా పట్టు వదలకపోవడమే కారణం. నారిని బొటనవేలితో లాగే ఈ పద్ధతిలో వేలు కోసుకుపోకుండా రాతి ఉంగరం తొడిగేవారు. షాజహాన్ బిరుదు చెక్కిన అటువంటి పచ్చరాతి ఉంగరం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. అంతగా వంగే సాధనానికి అణువంత కూడా వంగని రాయి తోడు కావడం గమనించదగినది.

అడవిలోని వెదురు విల్లుది ఇదే సూత్రం, ఖర్చు లేకుండా. వెదురు బయటి పొరలోనే నార దట్టంగా ఉంటుంది కనుక ఆ పొరను వీపువైపు ఉంచుతారు. కొమ్మూ స్నాయువూ కలిసి చేసే పనిలో సగం ప్రకృతే ముందుగా చేసి పెట్టిందన్నమాట.

అసలు చిక్కు బాణంలో ఉంది. వేళ్లతో వదిలిన బాణం నేరుగా పోదు; నారి తోపుకు పామువలె మెలితిరిగి, విల్లును చుట్టుకుంటున్నట్టు దాటి, ఆ తరువాతే సర్దుకుంటుంది. మరీ బిరుసైనా, మరీ మెతకైనా గురి తప్పుతుంది. నేటి కొలతలో 28 అంగుళాల దూరంలో రెండు ఆనికలపై బాణపు కాడను ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసి, ఎంత వంగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు; అర అంగుళం వంగితే 500. అంకె పెరిగేకొద్దీ బాణం మెతక.

అమెరికాకు చెందిన హోలెస్ ఆలెన్‌కు 1969లో పేటెంటు వచ్చిన కాంపౌండ్ విల్లు లెక్కనే మార్చింది. దాని బాహువులు పొట్టివి, బిరుసైనవి; చివరల ఉన్న చక్రాలు, పూర్తిగా లాగిన స్థితిలో చేతికి తెలిసే బరువును తగ్గిస్తాయి. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఆ విల్లుతోనే.

కొమ్ము విల్లు చేసే చేతులు మన మధ్య కనబడవు. అయితే ఏ పట్టీ ఎంత వంచాలో, ఏ పుల్లను ఎక్కడ చెక్కితే పతంగి ఒక పక్కకు ఒరగదో తెలిసిన చేతులు పాతబస్తీలో ఇంకా ఉన్నాయి. ఆ పనివారి మాటలను, వేళ్లతో చూసే వారి కొలతలను వారి నోటినుంచే విని రాసి ఉంచే పని చరిత్రకారులు ఇప్పుడే చేపట్టాలి.