పేకముక్కలు – మొదటి నిర్ణయం

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. చలనచిత్రంలో పేకాట దృశ్యం వచ్చినప్పుడు ఉత్కంఠ అంతా చివరి ముక్కమీదనే నిలుస్తుంది. కథానాయకుడు ముక్క తిప్పుతాడు, గెలుస్తాడు. గణితశాస్త్రం మాత్రం మొదటి ఘట్టాన్ని చూడమంటుంది. చేతికి వచ్చిన ముక్కలతో ఆడవలెనా, కొద్ది నష్టంతో తప్పుకొనవలెనా? ఈ చిన్న ప్రశ్నకు పెద్ద చరిత్ర ఉన్నది. అందులో ఒక అధ్యాయం ఆ కొండలకు కొద్ది మైళ్ల దూరంలో, సికింద్రాబాదులో జరిగింది.

1963లో పోలీసులు సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై దాడి చేసి, పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. నిజాం కాలం నాటి హైదరాబాదు జూద చట్టం క్రింద మేజిస్ట్రేటు శిక్ష విధించగా, హైకోర్టు దానిని కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. మూడుముక్కలాట వలె రమ్మీ కేవలం అదృష్టంపై నడిచేది కాదనీ, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనడంలోను, ఏ ముక్క ఉంచవలెనో ఏది విడువవలెనో తేల్చుకొనడంలోను నేర్పు కావలెననీ ఆ తీర్పు సారాంశం. ముక్కలు కలిపి పంచడంలో అదృష్టం ఉన్నమాట నిజమే. అది బ్రిడ్జి ఆటలోను ఉన్నది. అయితే ఆట పేరుతో క్లబ్బు యజమాని లాభం తీసినట్లు రుజువైతే అది నేరమే కాగలదని కూడా న్యాయస్థానం హెచ్చరించింది.

ఈ నేర్పును అంకెలలో చెప్పవచ్చునా? పదమూడు ముక్కల రమ్మీలో వాడుకలో ఉన్న ఒక పద్ధతి చూద్దాం. మొదటనే తప్పుకొన్నవానికి 20 పాయింట్ల నష్టం, మధ్యలో తప్పుకొంటే 40, చివరకు అత్యధికంగా 80. ఇద్దరే ఆడుతున్నారనీ, ఓడినవాడు సగటున 40 పాయింట్లు ఇచ్చుకొంటాడనీ అనుకుందాం. గెలిచే అవకాశం నాలుగింట ఒక వంతు అయితే, నాలుగు ఆటలలో ఒకసారి 40 వస్తుంది, మూడుసార్లు 120 పోతుంది. నికర నష్టం 80, అనగా ఆటకు 20. తప్పుకొన్నా నష్టం అంతే. కనుక అవకాశం నాలుగింట ఒక వంతు కంటె తక్కువని తోచినప్పుడు తప్పుకొనుటే లాభం. ఓటమి ఖాయమైతేనే తప్పుకోవాలని సామాన్యులు తలుస్తారు. లెక్క అట్లు చెప్పదు. ఓడే అవకాశమే ఎక్కువైనా, కొన్ని చేతులను ఆడవలసినదే.

ఆటకు, లెక్కకు గల చుట్టరికం మనకు క్రొత్త కాదు. నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలో నలుని కథ ఉన్నది. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కకట్టి చెబుతాడు. ఆయన వద్ద అక్షహృదయమనే విద్య నేర్చిన తరువాతనే నలుడు జూదంలో పోయిన రాజ్యాన్ని తిరిగి గెలుచుకొంటాడు.

పాశ్చాత్య దేశాలలో ఈ లెక్క శాస్త్రరూపం దాల్చినది 1654లో. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఎట్లు పంచవలెనన్న ప్రశ్నపై పాస్కల్, ఫెర్మాలు ఉత్తరాలు వ్రాసుకొన్నారు. 1657లో హైగెన్స్ ఈ విషయంపై గ్రంథం ప్రకటించాడు. సంభావ్యతా శాస్త్రానికి ఇవి పునాదులు.

కాని పాచికకు ఆలోచన లేదు. ఎదుటి ఆటగానికి ఉన్నది. అతడు చేసిన ప్రతి పని ఒక సమాచారం. ఈ అంశాన్ని 1921లో బొరెల్, 1928లో వాన్ నాయ్‌మన్ గణితంలోకి తెచ్చారు. 1944లో వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్‌లు కలిసి వ్రాసిన క్రీడాసిద్ధాంత గ్రంథంలో పోకరుకు ప్రత్యేక స్థానం లభించింది.

హోల్డెమ్ అనే పోకరు రకంలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. తరువాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పరుస్తారు. 52 ముక్కలనుండి రెండింటిని 1,326 విధాలుగా ఎన్నుకోవచ్చు. తొమ్మిదిమంది బల్లలో మొట్టమొదట పలికేవాడు, వెనుక ఎనిమిదిమంది ఉన్నారని తెలిసి కూడా పందెం పెంచాడు. అతడు పది మొదలు ఆసు వరకు గల జతలతోను, ఆసు-రాజు, ఆసు-రాణులతోను మాత్రమే పెంచే జాగ్రత్తపరుడనుకుందాం. అవి 30, 32, మొత్తం 62 చేతులు. 1,326లో సుమారు 4.7 శాతం.

ఇప్పుడు మన చేతిలో ఆసు, జాకీ ఉన్నవి. ఎవరో తెలియని ప్రత్యర్థిపై ఇది మంచి చేయి. కాని ఒక ఆసు, ఒక జాకీ మన వద్దనే ఉన్నందున అతనికి మిగిలినవి జతలు 24, ఆసు-రాజు 12, ఆసు-రాణి 12, వెరసి 48 చేతులు. ఈ 48లో ఆరంభాన మనకంటె వెనుకబడినది ఒక్కటీ లేదు! మన ముక్కలు మారలేదు. ప్రత్యర్థి పందెం పెంచడంతో వాటి విలువ మారింది. తరువాత పరిచే ముక్కల వలన గెలుపు సాధ్యమే అయినా, తెలివైనవాడు ఇక్కడ సాధారణంగా తప్పుకొంటాడు.

2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, ఇద్దరు మాత్రమే ఆడే పరిమిత పందెపు హోల్డెమ్‌ను కంప్యూటరుతో దాదాపు సంపూర్ణంగా సాధించారు. ఆటలో నేర్పు ఉన్నదన్నది ఇక వివాదం కాదు.

అయినా, 1967 తీర్పు తరువాత చట్టం వేరొక దారి పట్టింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు నేర్పు, అదృష్టం అన్న తేడా పాటించకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించే చట్టం చేసింది.

దీనికి గల కారణం కూడా లెక్కలోనే కనిపిస్తుంది. నేర్పు ఒకరి జేబులోని సొమ్మును మరొకరి జేబులోకి చేర్చగలదు గాని, క్రొత్త సొమ్మును పుట్టించలేదు. పదిమంది తలా 100 రూపాయలతో కూర్చున్నారనుకుందాం. ఉన్న సొమ్మంతా ప్రతిసారీ పందెంలోకి వస్తుంది. నిర్వాహకుడు నూటికి 5 తీసుకొంటాడు. పది ఆటలు ముగిసేసరికి 1,000 రూపాయలలో మిగిలేది సుమారు 599. ఆ పదిమందీ నేర్పరులే అయినా ఈ అంకె మారదు.

ఈ లెక్కలకు పందెం అవసరం లేదు. ఒక పేకకట్ట, నల్లబల్ల ఉంటే 1,326ను, 48ని విద్యార్థులే తరగతిలో లెక్కించి చూడవచ్చు. ఆడకముందే తప్పుకొనడం కూడా నేర్పులో భాగమేనని వారికి అప్పుడు బోధపడుతుంది.