ఇనుప బూటు చెప్పిన పాఠం

మోకాలు దెబ్బతింటే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "కాలు కదపకు" అనే కదండీ! అలాగే ఉంచేస్తే తొడ కండ చిక్కిపోతుంది. నొప్పి తగ్గినా కాలు నిలవదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులదీ ఇదే అవస్థ. అప్పట్లో వారిచేత తేలిక బరువులే ఎక్కువసార్లు ఎత్తించేవారు. తనకూ బరువులెత్తే అలవాటున్న సైనిక డాక్టరు థామస్ డిలోర్మ్, షికాగోలో, రోగి పాదానికి ఇనుప బూటు కట్టి క్రమంగా బరువు పెంచాడు. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1948 నాటికి పద్ధతి సులువైంది: పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువెంతో చూసుకొని, ముందు అందులో సగం, తర్వాత ముప్పాతిక, చివరకు పూర్తి బరువు, పదేసిసార్లు ఎత్తడం. నేటి ఆటగాళ్ళ చికిత్సలోనూ ఆ సూత్రమే ఉంది. కనుక డాక్టరు "ఇక కదపండి" అన్నాక మంచానికి అంటుకుపోకండి. "ఆడవాళ్ళకి బరువులేమిటి?" అనేవారికి, నీళ్ళబిందెలు మోసిన మన కాళ్ళే జవాబు!